పుక్కిట నీళ్ళు

మేడ మీది వాటా,
సోమవారం మధ్యాహ్నం

చిరంజీవి అమ్మడికి అత్త దీవెనలు.

గొంతు తగ్గిందా? పిల్లల మీద అరిచి అరిచి టీచర్ల గొంతులు చిన్న వయసులోనే పోతాయని పక్క వాటా ఆవిడ చెప్పింది, అప్పట్నుంచి నాకదే ధ్యాస. మా తమ్ముడి మోకాలు ఎలా ఉంది? లేచేటప్పుడు కిటికీ చువ్వ పట్టుకుని లేవద్దని మీ నాన్నకి చెప్పు. ఆ చువ్వ ఊడొస్తే? మీ ఆయన మెడనొప్పి ఎలా ఉంది? స్తంభాలెక్కి కరెంటు పని చేసే మనిషి, మెడ తిరగకపోతే వెనకాల ఉన్న తీగ ఎలా కనబడుతుంది? మీ వాడిది పొడి దగ్గా, తడి దగ్గా? పోయిన ఉత్తరంలో "దగ్గుతున్నాడు" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు. నువ్వలా సగం రాస్తే మిగతా సగం నేను ఊహించుకుని చస్తాను.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. మావాడు, అదే మీ బావ, లిఫ్టులు బాగుచెయ్యడానికి పొద్దున్నే పోతాడు. ఏ అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఇరుక్కుంటాడో అని సాయంత్రం దాకా నేను గుమ్మం వైపే చూస్తుంటాను. మా కోడలికి మందుల షాపులో నిలబడి నిలబడి కాళ్ళు వాస్తున్నాయి. మందుల మధ్యే ఉండి మందు వేసుకోదు. నా సంగతికేంలే.

అసలు విషయం నా మనవరాలు తూనీగది. నా ప్రాణం తోడేస్తోంది.

నీకు తెలుసుగా, అది చదివితే గడగడా చదువుతుంది. ఒకటో తరగతిలోనే షాపుల బోర్డులు, బస్సుల మీది ఊళ్ళ పేర్లు, మందు సీసాల మీది రాతలు అన్నీ చదివేసేది. మీ బావ వచ్చినవాళ్ళందరి ముందూ చదివించి మురిసిపోయేవాడు. నేనూ మురిసిపోయాను. నాలుగో తరగతితో ఆపేసిన దాన్ని, నాకంతకంటే ఏం తెలుస్తుంది?

మొన్న బడికి పిలిచారు. వాళ్ళిద్దరికీ తీరదు కదా, నేనే వెళ్ళాను. కళ్ళద్దాల టీచరమ్మ, చిన్నపిల్లే, నా ముందే దానిచేత ఒక పేజీ చదివించింది. పిల్లి మేడెక్కి దిగలేక అరిచిన కథ. ఎక్కడా ఆగకుండా చదివేసింది. టీచరమ్మ పుస్తకం మూసి, "పిల్లి ఎందుకరిచిందమ్మా?" అంది.

మన తూనీగ, "మూడో లైన్లో అరిచింది" అంది.

"ఎందుకరిచింది?"

"మూడో లైన్లో, టీచర్."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టీచరమ్మ మాత్రం నవ్వలేదు. ఏడాది చివర ప్రతి పిల్లకీ ఎప్పుడూ చూడని పేజీ ఒకటి ఇస్తారట. చదివి, అడిగినదానికి సొంతమాటల్లో చెప్పాలట. చెప్పలేకపోతే మళ్ళీ మూడో తరగతిలోనే కూచోబెడతారట. దాని జట్టు పిల్లలందరూ పైకి పోతారు, ఇది కింద ఉండిపోతుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అలా అయింది మా పని.

మా కోడలు విని "ట్యూషన్‌లో పడేద్దాం అత్తయ్యా, చీకటిపడేదాకా అక్కడే ఉంటుంది" అంది. నలభై మందిని చిన్న గదిలో కుక్కే ట్యూషన్ అది. నేనుండగా ట్యూషనేమిటి, నేను చూసుకుంటాను అని నోరుజారాను. ఇప్పుడు నిద్రపట్టడం లేదు.

నువ్వు చిన్నపిల్లలకి ఇదే చెప్తావుగా. ఏం చెయ్యాలో వెంటనే రాయి. ఫోన్ చెయ్యొద్దు. ఈ రెండు గదుల్లో నేను ఫోనెత్తితే మూడు వాటాల వాళ్ళూ వింటారు, పైగా నువ్వు చెప్పింది పెట్టేసేలోగా మర్చిపోతాను.

మీ అత్త


బడి, టీచర్ల గది,
గురువారం

అత్తా,

మీ అల్లుడి మెడ బాగుంది, నాన్న మోకాలు అలాగే ఉంది, వాడిది పొడి దగ్గు, తగ్గిపోయింది. నా గొంతు నీ ఉత్తరం చదివాక మళ్ళీ పట్టేసింది.

కంగారు పడకు. తూనీగలాంటి వాళ్ళు నా తరగతిలో అరడజను మంది ఉన్నారు. అక్షరాల మీద సైకిల్ తొక్కినట్టు పోతారు, దారిలో ఏముందో చూడరు. పిల్లకి తెలివి లేక కాదు. చదవడమంటే నోటితో చేసే పని అనుకుంటోంది. మనమే అలా అనుకునేలా చేశాం, గడగడా చదివినప్పుడల్లా చప్పట్లు కొట్టి.

రోజూ ఒక చిన్న కథ చాలు. పాఠం కాదు, కథ. చదివేముందు పేరూ బొమ్మా చూపించి "ఇది దేని గురించి అయ్యుంటుంది?" అని అడుగు. సగంలో ఆపించి, కింది సగం కాయితంతో మూసి, "తర్వాత ఏమవుతుందనుకుంటున్నావు?" అని అడుగు. తప్పు చెప్పినా ఫరవాలేదు, చదివి చూసుకుంటుంది. అయిపోయాక పుస్తకం మూయించి, ఇంట్లో లేనివాళ్ళకి చెప్పినట్టు తన మాటల్లో చెప్పించు. అర్థంకాని చోట వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవడం సిగ్గుపడే పని కాదని చెప్పు. మెల్లగా చదివితే మెచ్చుకో.

అంతే. కొట్టొద్దు, తిట్టొద్దు, కళ్ళనీళ్ళు పెట్టుకోవద్దు. ఈ మూడోది నీకు.

అమ్మడు


మేడ మీది వాటా,
ఆదివారం

అమ్మడికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. తల ప్రాణం తోకకొచ్చింది.

మొదటిరోజు రొట్టెలమ్మే పిల్లాడి కథ. వాడు రొట్టెల బుట్ట సైకిల్‌కి కట్టుకుని పొద్దున్నే బయల్దేరతాడు. అక్కడ ఆపించి కాయితం మూసి, "తర్వాత ఏమవుతుందే?" అన్నాను. అది గోడమీది బల్లిని చూస్తోంది. అది చెప్పేలోగా నేనే ఆగలేకపోయాను. తెల్లారకుండా సైకిలు, ముందర దీపం కూడా ఉన్నట్టు రాయలేదు. "లారీ వస్తుందేమోనే" అన్నాను. "లారీ వస్తుంది" అంది అది.

మర్నాడు చేపల కథ. పడవ బయల్దేరింది. "మబ్బు పట్టిందేమో" అన్నాను. "పడవ మునుగుతుంది" అంది.

మూడోరోజు నుంచి నేను అడగక్కర్లేదు. పేరు చూసీ చూడగానే పోయేదెవరో చెప్పేస్తోంది. పోయిన వారం బడిలో కొత్త పాఠం మొదలెట్టి, అమ్మమ్మ ఇంటికి బయల్దేరిన పిల్ల బొమ్మ చూపించి టీచరమ్మ "ఏం జరుగుతుంది?" అంటే మనది లేచి నిలబడి, "వెళ్ళేసరికి అమ్మమ్మ ఉండదు" అందట. వెనక బెంచీ పిల్ల ఒకతి ఏడుపందుకుందట. మళ్ళీ నన్ను పిలిచారు. "ఇంట్లో ఏమైనా జరిగిందాండీ?" అని టీచరమ్మ ఎంతో జాలిగా అడిగింది. నా మొహం ఎక్కడ పెట్టుకోను?

అందుకని పద్ధతి మార్చాను. అది బడికెళ్ళాక నేనే కథ చివరిదాకా చదివేసి పెట్టుకుంటున్నాను. ఎవరికీ ఏమీ కాదని తెలిస్తే నాకూ స్థిమితం, దానికీ స్థిమితం. సాయంత్రం చదవబోయే ముందే "భయపడకు, పిల్లాడు క్షేమంగా ఇల్లు చేరతాడు, రొట్టెలన్నీ అమ్ముడుపోతాయి" అని చెప్పేస్తున్నాను. ఆ తర్వాత ఎంత నిమ్మకు నీరెత్తినట్టు చదువుతోందో! కాయితం మూసి అడిగితే టక్కున చెప్తోంది. బాగానే వస్తున్నట్టుంది కదూ? కానీ టీచరమ్మ ఇంకా పెదవి విరుస్తూనే ఉంది. తనకేం కావాలో నాకు అర్థం కావడం లేదు.

కథల పుస్తకాలు ఈ మధ్య మరీ చీమతలకాయంత అక్షరాలతో వేస్తున్నారు. పైగా మా వంటగదిలో మీ బావ చిన్న బల్బు పెట్టాడు. ఒక పేజీకి మధ్యాహ్నమంతా పడుతోంది.

మీ నాన్న చువ్వ సంగతి రాయలేదు. అంటే పట్టుకునే లేస్తున్నాడన్నమాట.

మీ అత్త


బడి, టీచర్ల గది,
బుధవారం

అత్తా,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాలప్పుడు చదివాను. గట్టిగా తల పట్టుకుంటే పక్క టీచరు మాత్ర ఇచ్చింది.

కథ చివర ముందే చెప్పేసి, తర్వాత ఏమవుతుందని అడుగుతున్నావా? అది ఊహించడం ఎలా అవుతుంది? ఒంటికాలి మీద నిలబడి నడక నేర్పినట్టుంది నీ వరస. ఇంకొంచెం ఉంటే పరీక్షకి కూడా దాని బదులు నువ్వే వెళ్ళేలా ఉన్నావు.

కోపం తెచ్చుకోకుండా విను. ఈ నెలలో తూనీగ తనంత తాను చెప్పిన ముక్క ఒక్కటైనా నీ ఉత్తరంలో ఉందా? లారీ నీది. మబ్బు నీది. క్షేమంగా ఇల్లు చేరడం కూడా నీదే. చిన్నప్పుడు నేను మీ ఇంట్లో ఉన్న రెండేళ్ళూ ఎవరైనా "నీ పేరేంటమ్మా?" అంటే నువ్వే చెప్పేదానివి. "ఆకలేస్తోందా?" అంటే వేస్తోందని నువ్వే చెప్పేదానివి. ఒకసారి డాక్టరు నన్ను నోరు తెరవమంటే నువ్వు తెరిచావు. పిల్ల ఎందుకు ఆలోచించాలి చెప్పు? ప్రశ్న పడీపడగానే జవాబు పక్కనుంచి వచ్చిపడుతోంటే, గోడమీద బల్లిని చూసుకోవడమే తెలివైన పని.

అడిగాక ఆగాలి అత్తా. మా శిక్షణలో మొదట నేర్పింది ఇదే, అన్నిటికంటే కష్టమైందీ ఇదే. పిల్లలు ఆలోచిస్తున్నప్పుడు ఏమీ చెయ్యనట్టే కనబడతారు. ఆ కాస్సేపూ మనం ఓర్చుకోలేక జవాబు చెప్పేస్తాం.

నువ్వు ఓర్చుకోలేవని నాకు తెలుసు. అందుకే మందు రాస్తున్నాను. ప్రశ్న అడుగు. అడిగిన వెంటనే ఒక గుక్కెడు నీళ్ళు పుక్కిట పట్టు. పిల్ల జవాబు చెప్పేదాకా మింగకు, ఉమ్మకు. నేను వేళాకోళం ఆడటం లేదు.

ఇంకొకటి. "ఎవరు, ఎక్కడ" అన్నవి చాల్లే. పుస్తకంలో రాయని ప్రశ్న అడుగు. వాడికి కోపం వచ్చిందని రాయలేదు, నీకెలా తెలిసింది? తలుపు గట్టిగా వేశాడు కాబట్టి. అదీ ఆధారం. ఏం చెప్పినా "ఆధారం చూపించు" అను. లారీ వస్తుందా? ఎక్కడుంది లారీ, చూపించు. ఆధారం లేని భయాలన్నీ ఆ దెబ్బతో పోతాయి. దానివీ, నీవీ.

నీ అక్షరాలు ఒకదాని భుజాలమీద ఒకటి ఎక్కుతున్నాయి. ఎందుకంత తొందర? నిదానంగా రాయి.

అమ్మడు


మేడ మీది వాటా,
శనివారం

అమ్మడికి,

అందరూ క్షేమమని తలుస్తాను.

డాక్టరు దగ్గర నోరు తెరిచానని రాశావు. నువ్వు తెరవడం లేదు కాబట్టి ఎలా తెరవాలో చూపించాను.

ఈ వయసులో నన్ను పుక్కిట నీళ్ళు పట్టుకుని కూచోమన్నావు. బాగుంది. నీకు జడలు వేసిన చేతులివి. నీ ఉత్తరం తూనీగచేతే చదివించుకున్నాను, నా గురించి నువ్వు రాసిన ముక్కలన్నీ అది గడగడా చదివేసి, బల్లిని వెతుక్కుంటూ పోయింది. దానికేమీ అర్థం కాకపోవడం మొదటిసారి మంచిదైంది.

ఇక నీకు శ్రమ ఇవ్వను.

అత్త


ఇల్లు,
మంగళవారం పొద్దున్న

అత్తా,

కోపాలు, అలకలు వేసవి సెలవుల్లో పెట్టుకుందాం. నన్ను ఎన్ని తిట్టాలనుకుంటే అన్నీ తిట్టు, ఎదురుచెప్పను. నువ్వు లేకపోతే నాకు ఆ రెండేళ్ళూ ఎవరూ లేరు, అది నాకు తెలుసు.

కానీ పరీక్ష నీ అలక తీరేదాకా ఆగదు. తూనీగ జట్టు పిల్లలు పై తరగతి గదిలోకి పోతుంటే అది కింద గది కిటికీలోంచి చూడటం నీకిష్టమా? నీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకో. నాకోసం వద్దు, దానికోసం.

నాన్న చువ్వ పట్టుకునే లేస్తున్నాడు. నువ్వు గెలిచావు.

అమ్మడు


మేడ మీది వాటా,
ఆదివారం

అమ్మడికి,

నీ గొంతు, మీ ఆయన మెడ, మీ వాడి దగ్గు, అన్నీ బాగున్నాయని తలుస్తాను. తమ్ముడి దగ్గరికి మనిషిని పిలిపించి చువ్వకి సిమెంటు పెట్టించు. మానమంటే వాడు మానడు. చువ్వనైనా బాగుచెయ్యి.

నీళ్ళు పట్టాను. నీ మాట విని కాదు, నాకే అనిపించి.

మొదటిరోజు ప్రశ్న అడిగి గుక్క పట్టానో లేదో, మా కోడలు డ్యూటీ దిగి లోపలికొచ్చి "అత్తయ్యా, తలుపు తెరిచే ఉంచారేం?" అంది. జవాబు చెప్పబోయి తన మందుల షాపు కోటు మీద మొత్తం పోశాను. తూనీగ పడీపడీ నవ్వింది. కోడలికి చెప్పాల్సి వచ్చింది. విని, "ఈ వైద్యమేదో మీ అమ్మడు పదేళ్ళ కిందటే చెప్పుంటే బాగుండేది" అంది. చూశావా దాని నోరు! దానికీ ఒక గ్లాసు పెట్టాలి.

రెండోరోజు తాతా, తాళంచెవీ కథ. ముసలాయన తాళంచెవి కోసం ఇల్లంతా వెతికి, చివరికి జేబులో చూసుకుని, మనవరాలి వైపు చూసి "నువ్వేం చూడలేదుగా" అంటాడు. నువ్వు చెప్పినట్టు రాయని ప్రశ్నే అడిగాను, "తాతకి ఎలా అనిపించిందే?" అని. నీళ్ళు పట్టాను. అది బల్లిని చూసింది. జడ చివర నోట్లో పెట్టుకుంది. కాలు ఊపింది. కుక్కర్ కూతేసింది. నా పుక్కిళ్ళు నొప్పెట్టాయి. సిగ్గు, సిగ్గేసిందే మొద్దూ అని లోపల్నుంచి తన్నుకొస్తోంది, మింగకూడదు, ఉమ్మకూడదు. నా కళ్ళంట నీళ్ళొచ్చాయి. ఇంతలో అది మెల్లగా వెనక పేజీ తిప్పింది. అమ్మడూ, ఎవరూ తిప్పమనకుండా తిప్పింది! ఆ లైను మళ్ళీ చదివి, "సిగ్గేసింది నానమ్మా. చూడలేదుగా అన్నాడు. ఎవరైనా చూస్తేనే కదా సిగ్గు" అంది.

ఆనందంలో నీళ్ళు తప్పుదారిన పోయి పొలమారింది. చచ్చేంత దగ్గు. అయినా సరే.

ఇప్పుడు రోజూ అలాగే. కొన్నిసార్లు ఏమీ చెప్పదు, నేను రెండో గుక్క పట్టాల్సొస్తుంది. కానీ "ఆధారం" అన్న మాట నేర్పి నా కొంప ముంచావు. "మెట్లు జాగ్రత్తే, పడతావు" అంటే "ఆధారం చూపించు నానమ్మా" అంటోంది. "చన్నీళ్ళు తాగకు, జ్వరం వస్తుంది" అంటే "ఎక్కడుంది జ్వరం?" అంటోంది. మీ బావ దాన్ని ఎగదోస్తున్నాడు. ఇంట్లో నా మాటకి పూచికపుల్ల విలువ లేకుండా పోయింది.

కథ చివర ముందే చదవడం మానేశాను, నువ్వు వద్దన్నావు కదా. బుద్ధిగా దానితోపాటే వింటున్నాను. మా మేడమెట్లకి ఎవరో నూనె పూసినట్టు ఒకటే జారుతున్నాయి, గోడ పట్టుకుని దిగుతున్నాను, అంతకంటే ఏం లేదు.

పరీక్ష వచ్చే శుక్రవారం. నన్ను గదిలోకి రానివ్వరట. ఎందుకు రానివ్వరో టీచరమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మీ అత్త


మా ఇల్లు,
శనివారం

పిన్నీ,

నేను తూనీగని. నానమ్మ ఉత్తరం రాయమంది, చెయ్యి నొప్పిట. అందుకని నేను రాస్తున్నాను. ముందు అందరూ ఎలా ఉన్నారో అడగాలట. అందరూ ఎలా ఉన్నారు?

నిన్న పరీక్ష అయింది. ఎలా అయిందో సోమవారం చెప్తారు. నాకొచ్చిన పేజీలో ఒకాయన ఉన్నాడు. రోజూ సాయంత్రం కిటికీ దగ్గర రెండు కప్పుల టీ పెట్టుకుంటాడు. ఒకటి తాగుతాడు. రెండోదాని మీద మూత పెట్టి, వీధిలోకి చూస్తాడు. అంతే కథ. టీచర్ "రెండో కప్పు ఎందుకు?" అని అడిగింది.

నేను చాలాసేపు ఏం చెప్పలేదు. టీచర్ పెన్ను టకటకా కొట్టింది. నాకు కిటికీలోంచి బయట బెంచీ మీద నానమ్మ కనబడింది. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. సీసాతో నీళ్ళు తెచ్చుకుంది. అందుకని నాకు తొందర అనిపించలేదు.

తర్వాత చెప్పాను. ఎవరో వస్తారని ఆయన అనుకుంటున్నాడు. వాళ్ళు చచ్చిపోలేదు. ఆధారం, మూత పెట్టాడు. చల్లారకూడదనేగా మూత. రానివాళ్ళకి చల్లారితే ఏం?

టీచర్ ఏదో రాసుకుంది. ఇంటికొస్తూ నానమ్మకి కథ చెప్తే "అయ్యో, వాళ్ళావిడ పోయుంటుంది పాపం" అంది. ఆధారం అడిగితే సీసా మూత తీసి నీళ్ళు పట్టేసింది.

పిన్నీ, ఇప్పుడు ఇంకో సంగతి. ఇది ఎక్కడా రాసిలేదు. నానమ్మ నీకు రాసిన ఉత్తరాలు పోస్టు చేసేముందు తప్పులున్నాయేమోనని నాచేత చదివిస్తుంది కదా. ముందైతే ఊరికే చదివేదాన్ని. కిందటి ఉత్తరం ఇంట్లో చదివాక, పోస్టుడబ్బా దగ్గర నిలబడి మళ్ళీ వెనక్కి వెళ్ళి చదివాను.

అంతకుముందు ఒక ఉత్తరంలో బల్బు చిన్నదని రాసింది. నాన్న పెద్ద బల్బు వేసి చాలా రోజులైంది. మెట్లమీద నూనె అని రాసింది. నేను అరచేత్తో తడిమి చూశాను, నూనె లేదు. నువ్వు వద్దన్నావని కథల చివర చదవడం మానేశానని రాసింది. కానీ నువ్వేది చెప్పినా నానమ్మ ముందు అలుగుతుంది, తర్వాత చేస్తుంది. దీనికి అలగలేదు. నానమ్మ కథ చివర తెలుసుకోకుండా ఉండలేదు పిన్నీ. పక్క వాటా ఆవిడ సీరియల్ ఏమవుతుందో కూడా తనకి ముందే తెలియాలి. చదవకుండా ఆగిందంటే, మానెయ్యలేదు. చదవలేకపోతోంది.

నువ్వు తన అక్షరాలు తొందరగా రాసినట్టున్నాయన్నావు. నేను పక్కనే కూచుంటాను. నానమ్మ చాలా మెల్లగా రాస్తుంది.

ఈ ఉత్తరం నానమ్మ పక్కన కూచునే రాస్తున్నాను, దాచి కాదు. ఇందాక రాసింది పైకి చదివి వినిపించాను. వినిపించేముందు "నీళ్ళు పట్టు నానమ్మా" అన్నాను, పట్టింది. తర్వాత అడిగాను, "నానమ్మా, నీకు కళ్ళు సరిగ్గా కనబడటం లేదు కదూ?" అని.

ఏదో అనబోయింది, నోట్లో నీళ్ళున్నాయి. లేచి వెళ్ళిపోవాలనుకుంది, చెప్పులు వెంటనే దొరకలేదు. మళ్ళీ కూచుంది. నేను ఆగుతున్నాను. గోడమీద బల్లి ఉంది గానీ నేను చూడటం లేదు.

ఇంకా ఆగుతున్నాను.

మింగేసింది. "అవునే" అంది.

తూనీగ


బడి, టీచర్ల గది,
బుధవారం

అత్తా,

ముందు తూనీగకి చెప్పు, ఉత్తరం మూడుసార్లు చదివాను, వెనక్కి వెళ్ళి వెళ్ళి చదివాను అని. నీ పాత ఉత్తరాలు కూడా తీసి చూశాను. అన్నీ అందులోనే ఉన్నాయి. నేను రోజంతా పిల్లలకి "రాయనిది చదవండి" అని చెప్పి, ఇంటికొచ్చి నీ అక్షరాలు చూసి నిదానంగా రాయమని చెప్పాను. నా తల ఎక్కడ పెట్టుకోను?

ఎందుకు చెప్పలేదు? బావకి చెప్పావా? అక్క మందుల షాపులోనే ఉంటుంది, తనకి నాలుగు మెట్ల దూరంలో కళ్ళ డాక్టరుంటాడు. పరీక్ష ఏమైంది? ఒక్క ముక్క కూడా దాచకుండా రాయి. ఈసారి నేను నీళ్ళు పట్టుకుని కూచున్నాను. పిల్లలు అటెండెన్స్ పిలవమని గోల చేస్తున్నారు.

అమ్మడు


మేడ మీది వాటా,
శుక్రవారం

చిరంజీవి అమ్మడికి,

ఇది నేను చెప్తుంటే తూనీగ రాస్తోంది. మధ్యలో తన సొంత ముక్కలు కలిపితే నాకు సంబంధం లేదు. (కలపను — తూనీగ.)

పైకి పంపించారు. నాలుగో తరగతి. ముందు అది చెప్పకుండా ఇంకేం చెప్పినా నువ్వు వినవు. టీచరమ్మ నన్ను పిలిచి, "అది ఎంతసేపు ఆలోచించిందంటే, నేనే ఉండబట్టలేక జవాబు చెప్పేద్దామనుకున్నానండీ" అంది. నీళ్ళ సంగతి ఆవిడకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. మర్నాడు ఆవిడ బల్లమీద నీళ్ళ సీసా చూశానని తూనీగ అంటోంది.

ఇక కళ్ళు. పొర వచ్చిందట. మా కోడలు నన్ను చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళి చూపించింది. దారి పొడుగునా తిట్టింది. "ఇన్ని రోజులు నోరెత్తలేదేం అత్తయ్యా, మిగతా అన్నిటికీ ఎత్తుతారుగా!" అంది. మీ బావ ఆ రోజు పని మానేశాడు. నా మూలాన ఎన్ని లిఫ్టులు ఆగిపోయాయో, ఎవరు ఇరుక్కున్నారో.

ఎందుకు చెప్పలేదని అడిగావు. ఇంట్లో అందరికీ పని ఉంది. నాకు సాయంత్రం పిల్లని కూచోబెట్టుకుని చదివించడం ఒక్కటే ఉంది. కళ్ళు పోయాయని తెలిస్తే మర్నాడే దాన్ని ట్యూషన్‌లో వేస్తారు. నేను ఆ గుమ్మంలో కూచుని లారీలూ లిఫ్టులూ ఊహించుకుంటూ ఉండాలి. అదీ సంగతి. (ట్యూషన్‌కి వెళ్ళనని అమ్మకి చెప్పేశాను. నానమ్మకి చూపుతో పనేముంది? అడగడానికి నోరు, ఆగడానికి నీళ్ళు చాలు — తూనీగ.)

కలపనంది, చూశావా.

కత్తి పెట్టి పొర తీస్తారట. చిన్న పనే అంటున్నారు. చిన్నదైతే డాక్టరు అంత పెద్ద గదిలో ఎందుకు చేస్తాడు? చెయ్యి వణికితే? మధ్యలో కరెంటు పోతే? ఆ మాట అనగానే ఇది పెన్ను కిందపెట్టి "ఆధారం?" అంటోంది. నాకు విసుగొచ్చేసింది అమ్మడూ. నా ఇంట్లో నేను నిశ్చింతగా భయపడటానికి కూడా లేదు.

కరెంటు సంగతి మాత్రం మీ ఆయన్ని తప్పకుండా కనుక్కోమను. అలాంటి చోట్ల వేరే యంత్రం ఉంటుందా?

నువ్వు రావక్కర్లేదు. నీకు బడి ఉంది, తమ్ముడికి మోకాలు, ఆ చువ్వ ఇంకా అతికించలేదు. దారిలో బస్సు ఎలా ఉంటుందో ఏమో. నేను బాగానే ఉన్నాను, ఎవరూ రాకపోయినా ఫరవాలేదు.

(పిన్నీ, ఇప్పుడు నానమ్మ చెప్పింది ఉన్నదున్నట్టు రాశాను. కానీ నువ్వు వెనక్కి వెళ్ళి చదువు. పొద్దున్నే నీకోసం పరుపు ఎండలో వేసింది. నీకు ఇష్టమైన పెద్ద కప్పు కడిగి, మూత పెట్టి ఉంచింది. — తూనీగ.)

ఏం రాస్తున్నావే అంతసేపు? చదువు. ... సరే. నీళ్ళు ఇలా ఇవ్వు.

సరేలే అమ్మడూ. పన్నెండో తారీఖు సోమవారం పొద్దున్న ఆపరేషన్. పదకొండు ఆదివారం, మొదటి బస్సుకి రా.